కొంగమార్కు సబ్బు, ఏడో నంబరు

ఆ శనివారం బెరిల్ సాంకీ మెథడిస్టు చర్చి హాల్లో పాత సామాన్ల సంతకి వెళ్ళింది టీ కెటిల్ మూత కోసం. మూత పగలగొట్టింది మొగుడు నార్మన్. పగలగొట్టినవాడు ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే తాను సంతంతా తిరగడమేమిటని అతన్నీ వెంటబెట్టుకుపోయింది. తుంటి ఎముక మార్పించుకుని ఏడాదైనా నార్మన్ ఇంకా కర్ర వదల్లేదు. హాల్లోకి అడుగు పెట్టగానే టీ అమ్మే బల్ల దగ్గర ఒక కుర్చీ చూసుకుని, బేకన్ శాండ్‌విచ్ ఒకటి చెప్పేశాడు.

"నువ్వు తిరిగి రా పిల్లా. మూత దొరికితే డబ్బులు నేనిస్తా. దొరక్కపోతే శాండ్‌విచ్‌కి నువ్విచ్చుకో."

"దొరికినా దొరక్కపోయినా తినేది నువ్వేగా," అని బెరిల్ సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

రెండు వరసలు తిరిగింది. మూతల్లేని కెటిళ్ళు కనిపించాయి గానీ కెటిలు లేని మూత ఒక్కటీ కనిపించలేదు. మూడో వరస మొదట్లోకి వచ్చేసరికి ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఎందుకాగాయో ముందు ఆమెకి అర్థం కాలేదు. తర్వాత ముక్కు చెప్పింది. లావెండరు, దాని వెనకాల లవంగం, ఆ రెండిటి అడుగున, తెలిసినవాళ్ళకి తప్ప అందని మేకపాల వంటి చిన్న వాసన.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ వాసన పీల్చలేదు.

నాలుగు అడుగుల దూరంలో ఒక బల్ల. దాని మీద చెక్క గిన్నెలు, పాత రేజర్లు, ఎముక పిడుల బ్రష్షులు. మధ్యలో ఆకుపచ్చ కాగితం చుట్టిన గుండ్రటి సబ్బు బిళ్ళలు దొంతరగా పేర్చి ఉన్నాయి. కాగితం మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. క్రోస్డేల్ వారి గడ్డం సబ్బు. ఆ ఫ్యాక్టరీ ఈ ఊళ్ళోనే, కాలవ గట్టున ఉండేది. ఇప్పుడక్కడ బాత్రూం పలకలు అమ్ముతున్నారు. బెరిల్ పదిహేనో ఏట కాగితాలు చుట్టే గదిలో చేరి, ముప్పయ్యో ఏట ఆ గేటు దాటి బయటికొచ్చింది. మళ్ళీ ఆ వీధిలోకి వెళ్ళడానికి మనసొప్పలేదు. బస్సు ఆ దారిన పోతుంటే రెండో వైపుకి తిరిగి కూర్చునేది.

బల్ల మీదికి ఇద్దరు మగవాళ్ళు వంగి ఉన్నారు. ఒకడు నలభై ఏళ్ళవాడు, మెడ మందంగా, భుజాలు బలంగా ఉన్నాడు. పేరు గారెత్ పిల్లింగ్, ష్రూస్‌బరీలో ఉత్తరాల బట్వాడా చేస్తాడు. సెలవు దొరికిందంటే పాత సబ్బుల వేటలో ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. రెండో ఆయన డెస్మండ్ మేష్టారు. బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. చేతిలో భూతద్దం ఉంది. వీళ్ళలాంటి వాళ్ళు దేశం మొత్తం మీద కొన్ని వందల మంది ఉన్నారని, రోజూ కంప్యూటర్లో కబుర్లు చెప్పుకుంటారని, మూతపడిన కంపెనీల సబ్బులు కొని వాటితోనే గడ్డం గీసుకుంటారని బెరిల్‌కి అప్పటికి తెలియదు.

"అడుగున చూడవయ్యా," అన్నాడు మేష్టారు.

గారెత్ కాగితం మడత విప్పి బిళ్ళని బోర్లించాడు. "ఏడే మేష్టారూ."

బల్ల వెనకాల కూర్చున్న లియోనెల్ టాట్లాక్, అంటే ఆ దుకాణం మనిషి, వెంటనే నడుం నిటారుగా చేశాడు. "ఏడైతే దాని రేటు వేరే. ఆరుకి ఇరవై పౌండ్లు, ఏడుకి నలభై."

"ఏడుసార్లు మరలో తిప్పిన సబ్బుకి ఆ మాత్రం ఉంటుందిలే," అన్నాడు మేష్టారు. "మామూలువి మూడుసార్లే కదా తిప్పుతారు."

"మళ్ళీ అదే మాట. ఏడు నెలలు ఆరబెట్టింది మేష్టారూ అది. ఆరేళ్ళ నుంచి చెప్తున్నా, మీరు ఒప్పుకోరు."

"నువ్వు ఆరేళ్ళ నుంచి తప్పే చెప్తున్నావు."

"ఇద్దరూ తప్పే," అన్నాడు లియోనెల్. "ముసలి క్రోస్డేల్ గారు తన సొంత గడ్డానికని విడిగా వండించుకున్న సరుకిది. ఆయనింటి నంబరు ఏడు."

బెరిల్‌కి నవ్వాగలేదు. ముగ్గురూ తలలు తిప్పి చూశారు.

"క్రోస్డేల్ గారికి ఇక్కడిదాకా గడ్డం నాయనా," అని ఆమె తన గుండెల మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఆయన సబ్బు వండించాడే గానీ ఒక్కరోజూ గీసుకోలేదు."

"మీకు ఆయన తెలుసా అండీ?" అన్నాడు గారెత్.

"ఆయనా తెలుసు, ఆ ఏడూ తెలుసు. ఏడంటే మరా కాదు, నెలలూ కాదు. ఏడంటే నేను."

లియోనెల్ ముందు తేరుకున్నాడు. "అమ్మా, తప్పుగా అనుకోకు. పోయిన నెల స్టాక్‌పోర్టులో ఒకాయనొచ్చి నా రేజర్ల పెట్టె వాళ్ళ తాతది అన్నాడు. అంతకు ముందు ఇంకొకావిడ ఈ కొంగ బొమ్మకి తనే నమూనా అంది."

"అలాగా. ఒంటికాలి మీద నిలబడి చూపించిందా?"

మేష్టారు నవ్వాడు. కుర్చీ ఒకటి లాగి, "కూర్చోండి. కూర్చుని చెప్పండి," అన్నాడు.

కూర్చోలేదు బెరిల్. నిలబడే చెప్పింది. క్రోస్డేల్ ఫ్యాక్టరీలో వండిన ప్రతి వాయి సబ్బునీ ఒక మనిషి పరీక్ష చెయ్యాలి. వాయికి మూడు బిళ్ళలు తీసి, మూడు మగ్గుల్లో నురగ తీసి, మగ్గు తలకిందులు చేసి పెట్టాలి. పది నిమిషాలపాటు నురగ జారకుండా నిలబడితే ఆ వాయి బిళ్ళలన్నిటికీ అడుగున తన నంబరు ఇత్తడి అచ్చుతో నొక్కాలి. నిలబడకపోతే ఆ వాయి మొత్తం మళ్ళీ కడాయిలోకే. కంపెనీ పెట్టినప్పటి నుంచి ఆ పని చేసినవాళ్ళు ఏడుగురు. మొదటి ఆరుగురూ మగవాళ్ళు. ఆరో ఆయన విల్‌ఫ్రెడ్ లీ ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టినప్పుడు, కాగితాల గదిలోంచి ఒక పిల్లని నాలుగు వారాలు సాయానికి పంపారు. ఆ నాలుగు వారాలు తొమ్మిదేళ్ళయ్యాయి.

"ఆడదానికి మీసమా గడ్డమా, దీనికేం తెలుస్తుంది అన్నారు. విల్‌ఫ్రెడ్ గారు ఏమన్నాడో తెలుసా? కోడి గుడ్డు బాగుందో లేదో చెప్పడానికి నువ్వు గుడ్డు పెట్టక్కర్లేదమ్మా అన్నాడు."

"కథ బానే ఉంది," అన్నాడు లియోనెల్. అతని గొంతులో వెటకారం కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "ఐతే ఒక పని చేద్దామా? ఈ అయిదు బిళ్ళలూ బోర్లా తిప్పకుండా, అడుగు చూడకుండా, ఏవి ఏడో చెప్పు. చెప్తే నీకు దండం పెడతా."

"నాకు దండం దేనికి. సరే, బిళ్ళలు పెట్టు."

లియోనెల్ కాగితాలు విప్పి అయిదు బిళ్ళలు వరసగా పెట్టాడు. గారెత్ కాసేపు తటపటాయించి, వీపు సంచీలోంచి తువ్వాలు చుట్టిన మూట తీశాడు. అందులో ఒక బిళ్ళ ఉంది. దాన్ని వరస చివర రెండు చేతులతో ఆనించి పెట్టాడు. "ఇది నాదండీ. వేలంలో కొన్నా. దీన్ని కూడా చూడండి."

బెరిల్ చేతులు రుమాలుతో తుడుచుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు. ముక్కు పాతబడింది, వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకరపోయాయి. మొదటి బిళ్ళ అందుకుని చూపుడువేలి గోటితో దాని పక్కన చిన్నగా కొట్టింది. తర్వాత బుగ్గకి ఆనించుకుంది. బొటనవేలు పైన పెట్టి, శ్వాస మూడు సార్లు తీసేదాకా ఉంచి తీసింది. వేలు పెట్టినచోట సన్నటి మెరుపు లేచింది.

"నాది."

రెండోది తీసుకుంది. గోటితో కొట్టగానే పెదవుల మీదికి నవ్వొచ్చింది. "ఇది విల్‌ఫ్రెడ్ గారిది. ఆయన హయాంలో గొర్రె కొవ్వు తక్కువ వేసేవారు. మోత బరువుగా ఉంటుంది."

మూడోది తనదే, నాలుగోదీ తనదే. అయిదోది విల్‌ఫ్రెడ్‌ది. ఒక్కొక్కటి చెప్పినప్పుడల్లా మేష్టారు బిళ్ళని తిప్పి చూసి, భూతద్దం కింద పెట్టి, ఆరు, ఏడు అని పైకి చదివాడు. ఒక్కటి కూడా తప్పలేదు. పక్క బల్లల వాళ్ళు కూడా వచ్చి చేరారు. ఊలు ఉండలు అమ్ముకునే ఆవిడ తన దుకాణం గాలికి వదిలేసి ముందు వరసలో నిలబడింది.

ఆరోది గారెత్ బిళ్ళ. బెరిల్ గోటితో కొట్టింది. మళ్ళీ కొట్టింది. బుగ్గకి ఆనించింది. వాసన చూసి కనుబొమలు ముడిచింది. బొటనవేలు చాలాసేపు ఉంచింది. మెరుపు రాలేదు, తెల్లటి పొడి అంటింది.

"ఇది నాది కాదు. విల్‌ఫ్రెడ్ గారిదీ కాదు. దీన్ని పరీక్షించి చూసినవాడెవడూ లేడు."

గారెత్ మొహం వాడిపోయింది. మెల్లగా బిళ్ళని తిప్పాడు. అడుగున ఏడు ఉంది.

"అదీ సంగతి," అన్నాడు లియోనెల్. "అయిదింటికి అయిదు చెప్పి ఆరోదాని దగ్గర జారావు తల్లీ. పోనీలే, చాలా దూరం వచ్చావు."

బెరిల్ ఆ మాట వినిపించుకోలేదు. "ఆ అద్దం ఇటివ్వండి," అని మేష్టారు చేతిలోంచి భూతద్దం తీసుకుని ఆ ఏడుని చూసింది. ఏడు కాలి చివర ఒక చిన్న నొక్కు ఉంది. ఉద్యోగంలో మొదటి రోజు భయంతో ఇత్తడి అచ్చుని కాలి మీద పడేసుకుంది. కాలు కమిలింది, అక్కణ్ణించి రాతి నేలకి కొట్టుకుని అచ్చు నొక్కుకుంది. తన బిళ్ళలన్నిటి మీదా ఆ నొక్కు ఉంది. దీని మీదా ఉంది.

"అచ్చు నాదే," అంది బెరిల్. "సబ్బు నాది కాదు."

ఇందాక మేష్టారు లాగిన కుర్చీలో ఇప్పుడు కూర్చుంది. ఎవరూ అడగకుండానే చెప్పింది. పెద్ద క్రోస్డేల్ పోయాక కొడుకులు ఒక మేనేజరుని తెచ్చారు. అతను వస్తూనే కొవ్వు సగానికి తగ్గించి, చవక నూనె కలిపించాడు. ఆ వేసవిలో వరసగా పదకొండు వాయిలు ఆమె బల్ల మీదికి వచ్చాయి. పదకొండూ నాలుగో నిమిషానికే జారిపోయాయి. పదకొండింటికీ ఆమె ముద్ర వెయ్యలేదు. మేనేజరు మూడుసార్లు మనుషుల్ని పంపి, నాలుగోసారి తనే వచ్చాడు. కొనేవాడికి తేడా తెలియదన్నాడు. నాకు తెలుస్తుందిగా అంది ఆమె. అయితే మళ్ళీ కాగితాలు చుట్టుకో పో అన్నాడు. ఇత్తడి అచ్చు అతని బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని ఇంటికి వచ్చేసింది.

"గేటు దగ్గర నిలబడి అడిగాను, నా నంబరు నాకిచ్చెయ్యండి అని. ఫ్యాక్టరీ సొత్తన్నారు. ఎనిమిదో మనిషిని పెట్టుకున్నారని అనుకున్నా ఇన్నాళ్ళూ. పెట్టుకోలేదన్నమాట. నా నంబరే కొట్టేసుకున్నారు."

"నోటిమాట మీద ఎలా తేలుతుందండీ," అన్నాడు డెస్మండ్ మేష్టారు, చాలా మర్యాదగా. "మిమ్మల్ని నమ్మక కాదు. కానీ నేను సైన్సు మేష్టార్ని. హాలు వంటింట్లో కుళాయి ఉంది, గోడ మీద గడియారం ఉంది. నురగ తీద్దాం."

బెరిల్ లేచింది. "పదండి."

వంటింట్లోకి వెళ్తుంటే నార్మన్ కర్ర తాటించుకుంటూ ఎదురొచ్చాడు, మూతి మీద సాసు మరకతో. "ఏంటి పిల్లా ఈ ఊరేగింపు? మూత దొరికిందా?"

"ఇది మూత సంగతి కాదు. కొంగ సబ్బు."

నార్మన్ ఆమె మొహం చూశాడు. నలభై నాలుగేళ్ళ కాపురం కాబట్టి ఇంకేం అడగలేదు. లియోనెల్ వైపు తిరిగి, "ఈవిడతో పందెం కాశావా నాయనా?" అన్నాడు.

"పందెం కాదు, పరీక్ష."

"అయ్యో పాపం. నేను ఇంట్లో నలభై నాలుగేళ్ళ నుంచి రాస్తున్నా ఆవిడ పరీక్ష. ఇంకా పాసు కాలేదు."

వంటింటి బల్ల మీద రెండు మగ్గులు, రెండు బ్రష్షులు పెట్టారు. ఒకటి బెరిల్ తనదని చెప్పిన బిళ్ళ, ఒకటి గారెత్ బిళ్ళ. ఆమె చేతులు పని మొదలుపెట్టగానే మాట్లాడటం ఆగిపోయింది. కత్తి మొనతో రెండు బిళ్ళల పైపొర సన్నగా గీకింది. ఏళ్ళ తరబడి గాలి తగిలి చచ్చిన పొర అది. వాటి మీద గోరువెచ్చటి నీళ్ళు పోసి అయిదు నిమిషాలు అలా వదిలేసింది. "నిద్ర లేవాలి కదా," అంది ఊలావిడతో. తర్వాత నీళ్ళు వంచేసి, తడిపి విదిల్చిన బ్రష్షుని బిళ్ళ మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. గారెత్ నోట్లో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. తను ముప్పై తిప్పులకి ఆపేవాడు. ఆమె డెబ్బై దాటినా ఆపలేదు. బ్రష్షు నిండా ముద్ద పట్టాక దాన్ని మగ్గులోకి మార్చి, వేలి కొసలతో నీటి బొట్లు చిలకరిస్తూ గిలక్కొట్టింది. ముందు మీగడలా వచ్చింది, తర్వాత కవ్వం కింద వెన్నలా గట్టిపడింది. ఆ మగ్గు పక్కన పెట్టి, రెండో దానికీ అదే చేసింది. అన్నే తిప్పులు, అన్నే బొట్లు. ఎక్కువ తక్కువల్లేవు. మేష్టారు దగ్గరుండి చూశాడు.

రెండు మగ్గులూ ఒక్కసారే తలకిందులు చేసి గ్లాసుల అంచుల మీద ఆనించింది. గడియారంలో పదకొండూ ఇరవై.

రెండు నిమిషాలకి తేడా లేదు. మూడు నిమిషాలకి గారెత్ మగ్గులోంచి ఒక నీటి చుక్క గ్లాసు అడుగున పడింది. తర్వాత ఇంకొకటి. నాలుగో నిమిషం నిండకుండానే నురగంతా ఒక ముద్దగా ఊడి గ్లాసులో కూలబడింది. ఎవరో నాలిక చప్పరించారు.

రెండో మగ్గు కదల్లేదు. అయిదు, ఆరు, ఎనిమిది. పదో నిమిషానికి లియోనెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "చాలామ్మా, ఇంక ఎత్తు," అన్నాడు మేష్టారు. బెరిల్ తల అడ్డంగా ఊపింది. పదమూడో నిమిషంలో తనే మగ్గు ఎత్తి, తిప్పి, లోపల వేలు పెట్టి చూసింది. ఇంకా మెత్తగా, తడిగా, చెక్కు చెదరకుండా ఉంది.

"డెబ్బై మూడు చలికాలం సరుకు," అంది. "ఆ ఏడాది గొర్రె కొవ్వు మంచిది దొరికింది."

గారెత్ గ్లాసులో కూలిన నురగ వంకే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మేష్టారూ, మీకొక మాట చెప్పాలి. ఈ సబ్బు నాకు ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు. గీసుకుంటుంటే మొహం మీదే ఆరిపోయేది. ఏడో నంబరు కదా, తప్పు నా చేతిదనుకున్నా. అందరూ అద్భుతం అంటున్నారని నేనూ అద్భుతం అని రాశా."

"నువ్వు రాసింది చదివే నేనూ ఒకటి కొన్నానయ్యా," అన్నాడు మేష్టారు నిట్టూర్చి. "నాకూ రాలేదు. నీళ్ళు మంచివి కావేమో అనుకున్నా."

ఆ మాటకి అందరూ నవ్వారు, వాళ్ళిద్దరూ కూడా. బెరిల్ నవ్వలేదు. గారెత్ బిళ్ళని తుడిచి, తువ్వాలు మీద పెట్టి అతని ముందుకి జరిపింది.

"నాయనా, ఇది డబ్బు పెట్టి కొన్నావు, నీది. కానీ దాని అడుగున ఉన్న నంబరు నాది. నేను చూడని సరుకు మీద నా నంబరు ఉండకూడదు. దాన్ని తీసెయ్యనిస్తావా?"

"అది తీసేస్తే పైసాకి పనికిరాదయ్యా," అన్నాడు లియోనెల్ తొందరగా, గారెత్ మేలు కోరే. "ఇవాళ జరిగింది ఈ గది దాటితే ఎవరికి తెలుసు? రేపు మళ్ళీ అమ్ముకోవచ్చు."

గారెత్ ఒక్క నిమిషం ఆలోచించాడు. తర్వాత బల్ల మీది కత్తి అందుకుని, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు. "తీసెయ్యండి."

బెరిల్ బిళ్ళని బోర్లించి పట్టుకుని, ఏడు అంకె కాలి దగ్గర మొదలుపెట్టి మెల్లగా చెక్కింది. సబ్బు చిట్లి తునకలుగా రాలింది. మంచి సబ్బయితే రిబ్బనులా చుట్టుకుంటూ వస్తుంది. అడుగు నున్నగా అయ్యాక బొటనవేలితో ఒకసారి తడిమి చూసి, అతనికి తిరిగి ఇచ్చేసింది. చేతులు కడుక్కుంది. ఎన్నో ఏళ్ళుగా భుజం మీద పెట్టుకు తిరుగుతున్న బస్తాని ఎవరో దించినట్టు ఆమెకి ఊపిరి బాగా ఆడింది.

"ఆ రెండో మగ్గులో నురగ పారబొయ్యకండి," అన్నాడు గారెత్ ఉన్నట్టుండి. "నిన్నటి నుంచి గీసుకోలేదు. రేజరు సంచీలో ఉంది."

"ఇక్కడా?" అన్నాడు నార్మన్. "శాండ్‌విచ్‌లు చేసే చోట?"

"సింకు పక్కన గీసుకోనీ పాపం," అంది ఊలావిడ. "సంతలో ఇలాంటిది ఎన్నాళ్ళకి చూశాం."

గారెత్ చొక్కా కాలరు లోపలికి మడిచి, సింకు మీది చిన్న అద్దం ముందు నిలబడ్డాడు. వేడినీళ్ళతో మొహం తడుపుకుని బ్రష్షుతో నురగ పట్టించాడు. రేజరు బుగ్గ మీద పెట్టి కిందికి లాగాడు. పొడి ఆకు మీద గాలి వీచినట్టు సన్నటి చప్పుడు. దాని వెనకాల నున్నటి చర్మం దారిలా బయటపడింది. రెండో గీత, మూడోది. దవడ కింద, గడ్డం గుంటలో, పై పెదవి మీద. ఎక్కడా రేజరు చిక్కుకోలేదు, ఎక్కడా నురగ ఎండలేదు.

బెరిల్ గోడకి ఆనుకుని కన్నార్పకుండా చూస్తోంది. తొమ్మిదేళ్ళలో తను తీసిన నురగంతా కాలవలోకే పోయింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. నార్మన్‌కి పెళ్ళికి ముందు నుంచీ కరెంటు రేజరే. ఎన్ని లక్షల మంది మగవాళ్ళు తన సబ్బుతో గీసుకుని పెళ్ళిళ్ళకీ పనులకీ వెళ్ళారో గానీ, ఒక మొహం మీద అది ఎలా పని చేస్తుందో ఆమె కళ్ళారా చూడటం ఇదే మొదటిసారి. గారెత్ చల్లనీళ్ళతో మొహం కడుక్కుని, అరచేత్తో బుగ్గ తడుముకుని, ఆమె వైపు తిరిగి తల ఊపాడు. ఆమె కూడా తల ఊపింది. ఒక పనివాడు ఇంకొక పనివాడికి ఊపినట్టు ఊపింది.

లియోనెల్ బల్ల దగ్గరికి తిరిగి వచ్చాక, ఇందాక మాటిచ్చాను కదా అని అతను రెండు చేతులూ జోడించి నిజంగానే దండం పెట్టాడు. తర్వాత ఏడో నంబరు బిళ్ళ ఒకటి కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టబోయాడు. "ఇది నీకమ్మా. నాకు డబ్బులొద్దు."

"ఎంత అన్నావు దీని రేటు?"

"నీ దగ్గర తీసుకుంటానా?"

"నలభై అన్నావు." బెరిల్ పర్సు తీసింది. "మాకు అక్కడ పగిలిన ముక్కలే ఇచ్చేవాళ్ళు, అదీ క్రిస్మస్‌కి. నిండు బిళ్ళ ఒక్కటీ ఇంటికి తెచ్చుకోలేదు. ఇవాళ కొనుక్కుంటున్నా. నా సబ్బుకి నేనే రేటు తగ్గించుకుంటే ఇంకెవడు పెడతాడు దానికి ధర?"

లియోనెల్ రెండు నోట్లూ తీసుకున్నాడు. సబ్బుల పక్కన ఏడో నంబరు గురించి రాసి పెట్టిన అట్టముక్క, అదే క్రోస్డేల్ గారి సొంత గడ్డం కథ, తీసి చింపేశాడు. "ఏం రాయమంటావమ్మా దీని మీద?"

"పేరు బెరిల్ సాంకీ. ఒక్క అక్షరం పోకుండా రాయి."

మేష్టారు కూడా ఆ పేరు తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాత్రే వాళ్ళ సబ్బుల గుంపుకి మొత్తం సంగతి తెలియజేశాడు. తన ఏడుసార్ల మర సిద్ధాంతం తప్పని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాడు. తర్వాత వారం ఆమె ఇంటికి ఒక పొట్లం వచ్చింది, ఆ పై వారం మూడు. డెన్మార్క్ నుంచి ఒకాయన, అబెర్డీన్ నుంచి ఒక మంగలి, ఎక్కడెక్కడి వాళ్ళో తమ దగ్గరున్న ఏడో నంబరు నిజమైనదో కాదో చూసి చెప్పమని పంపుతున్నారు. పోస్టు ఖర్చులు వాళ్ళే పెట్టుకుంటారు. బెరిల్ గురువారాలు అందుకని కేటాయించింది. వంటింటి కిటికీ దగ్గర మగ్గులు వరసగా పెట్టుకుని, గడియారం ఎదురుగా ఉంచుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని కూర్చుంటుంది. తనదైతే ఒక కార్డు మీద ఏ ఏడాది సరుకో, కొవ్వు ఏ పాళ్ళో, నురగ ఎన్ని నిమిషాలు నిలిచిందో రాసి, కింద పూర్తి పేరు సంతకం చేస్తుంది. తనది కానిదాన్ని సొంతదారు ఒప్పుకుంటే అంకె చెక్కేసి పంపుతుంది. ఇప్పటిదాకా ఒప్పుకోనివాడు ఒక్కడే తగిలాడు.

తను కొనుక్కున్న బిళ్ళని మాత్రం నెలరోజులపాటు గూట్లో పెట్టి కాగితం కూడా విప్పలేదు. ఒక మంగళవారం పొద్దున, నార్మన్ మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"కరెంటు రేజరు పాడైందా?" అంది బెరిల్.

"బానే ఉంది."

"మరి?"

"ఊరందరి మొహాలకీ పనికొచ్చిన సబ్బు నా మొహానికి పనికిరాదా అని," అన్నాడు నార్మన్, పైకప్పు వైపు చూస్తూ.

బెరిల్ నీళ్ళు వెచ్చబెట్టింది. గారెత్ ఒక రేజరుతో పాటు పంపిన బ్రష్షు తీసి నానబెట్టింది. నురగ తనే తీసింది, తనే పట్టించింది. రేజరు కూడా తనే పట్టుకుంది. నార్మన్ చేతులకి ఈ మధ్య వణుకు వస్తోంది. అర్ధగంట పట్టింది. మధ్యలో అతను మాట్లాడబోతే, "నోరు మూసుకో, చెవి కోస్తా," అంది రెండుసార్లు.

అయ్యాక నార్మన్ అద్దం అడగలేదు. అరచేత్తో ఒక బుగ్గ, చెయ్యి తిరగేసి ఇంకో బుగ్గ తడుముకుని, కోటు తొడుక్కుని, కర్ర పుచ్చుకుని గడ్డి మీద బంతులు దొర్లించే ఆట క్లబ్బుకి వెళ్ళాడు. అక్కడ పదకొండు మందిని వరసగా ఆపి, ఒక్కొక్కరి చేతా తన బుగ్గ ముట్టించి, "మా ఆవిడ చేసిన సబ్బు," అని చెప్పాడని బెరిల్‌కి సాయంత్రం బేకరీ దగ్గర వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.